కడలి క్రింది కొండ

భగవంతుడు వరాహమూర్తియై జలరాశినుండి భూదేవిని ఉద్ధరించిన కథ వినని వైష్ణవగృహము లేదు. ఆ కథను తలపునకు తెచ్చు దృశ్యమొకటి నేడు అంతరిక్షమునుండి కనబడుచున్నది. కృత్రిమోపగ్రహములు తీసిన చిత్రములలో హిందూమహాసముద్రమున మారిషస్ ద్వీపము మరకతమువలె తోచును. చుట్టును పగడపు దిబ్బలపై విరుగు తెల్లని అలలు, లోపల పచ్చని చెరకుతోటలు, నడుమ విరిగిన కిరీటమువలె కొండల వరుస. అందొక శిఖరము పేరు పీటర్ బోథ్. ఎత్తు సుమారు 820 మీటర్లు.

ఆదిలాబాదు జిల్లా బోథ్ వాసులకు ఈ పేరు వినగానే చిరునవ్వు కలుగును. పేరు కలియుట యాదృచ్ఛికమే. 1615లో ఆ ద్వీపతీరమున ఓడ మునిగి మరణించిన డచ్చి అధికారి పేరది. కాని నేల కలియుట యాదృచ్ఛికము కాదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమునుండి ఉబికిన లావా దక్కను పీఠభూమిపై పరచుకొనెను. ఆదిలాబాదు ప్రాంతమున ప్రత్తి పండించు నల్లరేగడి ఆ శిలలు చివికి ఏర్పడినదే. పిదప భారతభూమి ఉత్తరమునకు జరిగినది. అడుగుననున్న ఆ అగ్నియే సుమారు 80 లక్షల ఏండ్ల క్రిందట మారిషస్‌ను సముద్రమునుండి పైకెత్తినదని భూశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పైనుండి చూచువానికి ద్వీపము ఒంటరిగా తోచును. నిజమునకది వేల మీటర్ల లోతునుండి లేచిన పర్వతము యొక్క శిరస్సు. మూలమును కడలి కప్పినది.

1834లో ఆ ద్వీపమునకు ఒప్పంద కూలీల వలస ఆరంభమైన పిదప, ఆంధ్రతీరమునుండి తెలుగువారును ఓడలెక్కిరి. సముద్రయానమును బౌధాయన ధర్మసూత్రము పాతకములలో చేర్చినది. మరి ఆకలి తరుమగా పోయిన ఆ నిరుపేదలు స్వామికి దూరమైరా? వారు సింహాద్రి అప్పన్నను మరువలేదు, రామభజన మానలేదు. నేడు వారి సంతతిలో పెక్కుమంది ఇండ్లలో క్రియోలు భాష మాటలాడుదురు. అయినను అప్పన్న పూజ సాగుచునే యున్నది. ఉగాది అచట ప్రభుత్వపు సెలవుదినము.

సింహాచలమున వరాహనరసింహస్వామి సంవత్సరమంతయు చందనపు పూతలోనుండును. నిజరూపదర్శనము అక్షయతృతీయనాడే. చందనము కప్పినంతమాత్రమున స్వామి లేకపోవునా? కడలి కప్పినంతమాత్రమున కొండ మూలము తెగునా? అట్లే భాషయు, వేషమును, దూరమును జీవుని కప్పవచ్చును. అంతర్యామితోడి సంబంధము తెగదు. జీవులు వేరు వేరు ద్వీపములు. వారికెల్ల ఆధారము శ్రీమన్నారాయణుడొక్కడే. ఆచారము చెడునని శాస్త్రము హెచ్చరించినది. శరణన్నవానిని విడువుమని స్వామికి విధించినవారు లేరు. ఆయన తానే కడలిపై శయనించువాడు కదా!

నేడు ఉత్తర తెలంగాణపు పల్లెలనుండియు బిడ్డలు దూరదేశములకు పోవుచున్నారు. ‘వాని నుదుట తిరునామము నిలుచునా, ఏకాదశి నిలుచునా’ అని తల్లిదండ్రులు కలతపడుదురు. కలత సహజమే, కాని దానితోనే ఆగరాదు. ఓడలెక్కిన ఆ తాతలు బిడ్డలకు ఇయ్యగలిగిన సొత్తు భగవన్నామమొక్కటే. మీరును సాయంకాలము దీపము పెట్టి, దూరముననున్న బిడ్డను పేరుతో తలచి నామము పలుకుడు; వానిచేతను పలికింపుడు. మూలము పట్టు విడువనిచో శిఖరము ఏ కడలి నడుమనైనను నిలుచును.