'అయినా' అనే ముల్లు

"మీరు సాయిబులైనా తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!"

బెజవాడలో మాలో చాలామందిమి ఎప్పుడో ఒకప్పుడు విన్న మెచ్చుకోలే ఇది. అన్నవాళ్లు మంచివాళ్లే. కానీ ఆ 'అయినా' దగ్గరే మాకు ముల్లు గుచ్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున పుట్టి, కాలవ నీళ్లు తాగి పెరిగినవాళ్లం తెలుగు మాట్లాడక ఏం మాట్లాడతాం?

వాళ్ల మనసులో సాయిబంటే ఒక బొమ్మ ఉంది. షేర్వానీ, ఉర్దూ, హైదరాబాదు, నవాబుగిరీ. దానికి సరిపోయినవాడు కనబడితే "చూశారా" అంటారు. సరిపోనివాడు కనబడితే "నువ్వు వేరులే" అంటారు. బొమ్మ మాత్రం చెక్కుచెదరదు. ఏ మనిషి ఎదురైనా ఓడిపోని అభిప్రాయం జ్ఞానమెలా అవుతుంది?

ఈ బొమ్మ ఇంటి అరుగు దగ్గరే ఆగితే ఓర్చుకుందుము. రిజర్వేషన్ల చర్చలోకీ అదే వచ్చి కూర్చుంది. "ఏలిన జాతికి రిజర్వేషన్లా?" అన్నారు. ఉత్తర సర్కారులను నిజాం 1766లోనే ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. అయినా పోనీ, నవాబు ఏలాడనుకుందాం. ఆ నవాబుకి దూది ఏకినవాడు, గడ్డం గీసినవాడు, బట్టలుతికినవాడు కూడా ఏలినట్టేనా?

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లిములందరినీ ఒక్క మూటగా కట్టి 5 శాతం ఇచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ ఇచ్చింది, మళ్లీ కొట్టేసింది. 2007 చట్టంలో మూట విప్పారు. అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీరు, హజాం, ఖురేషీ, షేక్ అని పేరుపేరునా రాసి, సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివాళ్లను పక్కనపెట్టి, బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది.

"మీరూ మనుషుల్ని గుంపులు కడుతున్నారుగా, మాది తప్పెలా అయింది?" అని ఒక సెక్యులర్ మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. గుంపు లేకుండా ఏ విధానమూ నడవదు. తేడా ఒక్కటే. జాబితా లెక్కకి తలవంచాలి. చదువెంత, కొలువెంత, భూమెంత అని అడిగించుకోవాలి. తప్పని తేలితే మారాలి. పూర్వాభిప్రాయాన్ని ఎవరూ లెక్క అడగరు, అది ఎవరికీ జవాబు చెప్పదు.

ఇప్పుడు మా గుండె మీద చెయ్యి వేసుకోవాలి. "ఇస్లాంలో కులం లేదు" అని సభల్లో గట్టిగా అంటాం. మసీదులో భుజం భుజం కలిపి నిలబడతాం. నిఖా మాట వచ్చేసరికి "వాళ్లు దూదేకులోళ్లు కదా" అని గొంతు తగ్గిస్తాం. ఇంట్లో తెలుగు మాట్లాడతారని వాళ్లను సగం ముస్లిములుగా చూసిందెవరు? మేమే. దూదేకుల వాళ్లు బీసీ-బిలో, మెహతర్లు బీసీ-ఎలో ముందునుంచే ఉన్నారు. మా మధ్య మెట్లున్నాయని ప్రభుత్వానికి తెలుసు. మేమే ఒప్పుకోలేదు.

"హిందువులంతా ఇంతే" అని కోపంలో మేమన్న రోజులూ ఉన్నాయి. ఆ మాట అన్నప్పుడు, జ్వరంగా ఉంటే అర్ధరాత్రి రిక్షా పిలిచిన పక్కింటి పిన్నిగారిని మేమూ మినహాయింపు చేసేశాం. "నువ్వు వేరులే" అన్న నోరు మాదీ అయింది.

అందుకే అడుగుతున్నాం. మమ్మల్ని మెచ్చుకోకండి, లెక్కపెట్టండి. మా పేదవాణ్ణి పేదవాడిగా, మా దొరని దొరగా లెక్కపెట్టండి. మేమూ మా ఇంట్లో ఆ లెక్క మొదలుపెడతాం. ఆ 'అయినా'ని మీ నోట్లోంచి మీరు తియ్యండి, మా నోట్లోంచి మేము తీసుకుంటాం.