కరతలమునందు దేనికి చోటు?

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



ఉదయమున కన్ను తెరువగానే మన చేయి మొట్టమొదట దేనిని వెదకుచున్నది? ఈ ప్రశ్నను మిమ్ములను అడుగుటకు ముందు నన్ను నేనే అడుగుకొంటిని. లభించిన సమాధానము నాకు సిగ్గు కలిగించినది. నా చేయి తలగడ ప్రక్కనున్న ఫోనును వెదకుచున్నది. మెడలోని శివదారమును తడవి చూచుకొనుట ఆ తరువాతనే జరుగుచున్నది.

ఇటీవల బంధువులను సాగనంపుటకు సికింద్రాబాదు రైలు స్టేషనుకు పోయి, బండి ఆలస్యమగుటచే కొంతసేపు ప్లాట్‌ఫారముపై కూర్చుంటిని. 1874లో వెలసిన ఆ స్టేషను ఎన్ని కలయికలను, ఎన్ని ఎడబాటులను చూచియుండునో! మా బల్లపై నలుగురము ఉంటిమి. ఒకరి పేరు ఒకరికి తెలియదు. తక్కిన మువ్వురి అరచేతులలోను మూడు ఫోనులు వెలుగుచున్నవి. చూపులు చెదరుట లేదు. చుట్టును జరుగు కోలాహలము వారికి వినబడుట లేదు. ఆ దృశ్యము నన్ను ఉలికిపడజేసినది. ఏలయన ఆ భంగిమ నాకు క్రొత్తది కాదు. అరచేతియందు ఒక వస్తువు, దానిపై అనిమిషదృష్టి, బాహ్యప్రపంచ విస్మరణము! ఇది గురువులు మనకు నేర్పిన ఇష్టలింగ పూజా విధానము కాదా? భేదమొక్కటే. లింగపూజలో వెన్ను నిటారుగా నుండును, కరతలము కన్నుల యెదుటికి లేచును. ఇచ్చట కరతలము క్రిందనే యుండి, శిరస్సు దానివద్దకు వంగుచున్నది.

వీరశైవునకు లింగము గుడిలో మాత్రమే దర్శింపదగినది కాదు, అంగముపై ధరింపదగినది. దీక్షాకాలమున శ్రీగురువు ఇష్టలింగమును శిష్యుని కరతలమునందుంచి, ప్రాణమున్నంతవరకు దీనిని ఎడబాయకుమని ఆదేశించును. స్త్రీయని, పురుషుడని, ధనికుడని, పేదయని భేదము లేక ప్రతివాని అరచేతిని పూజాపీఠముగా చేసిన మహనీయుడు బసవేశ్వరుడు. దేవుని చేరుటకు దూరము లేదని, మధ్యవర్తి అక్కరలేదని ఆయన మనకు చేసిన బోధ. ఆ శరణుల నిష్ఠను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునందు ద్విపదలలో నిలిపి తెలుగువారికి అందించినాడు.

ఎడబాయరాదను ఆ నియమమును నేడు మనము దేనియెడల పాటించుచున్నాము? ఫోను ఇంట మరచినవాడు ప్యారడైజు కూడలి దాటి పోయినను తిరిగి వచ్చును. లింగకాయను మేకుకు తగిలించి మరచినవాడు సాయంకాలము చూచుకొందములే యని సాగిపోవును. పరులమాట యేల? ఒక సోమవారమునాడు నేను పూజలో నుండగా, లింగము కరతలమునందుండగనే ప్రక్కగదిలో ఫోను మ్రోగినది. నేను లేవలేదు. నా దృష్టి మాత్రము లేచిపోయినది. ఎవరు పిలిచిరో, ఏల పిలిచిరో యను ఆలోచనతోనే ఆనాటి పూజ ముగిసినది. చేతిలో లింగము, చిత్తములో ఫోను!

అట్లని ఫోనును నిందించుట నా ఉద్దేశము కాదు. ట్రంకుకాలు బుక్కుచేసి గంటల తరబడి ఎదురుచూచిన తరము మాది. తంతి వచ్చినదనిన గుండెలు జల్లుమనెడివి. 2013 జూలైలో ఆ తంతి సేవయే ముగిసినది. చేతిఫోనుపై మన దేశమున తొలి సంభాషణ 1995 జూలై 31న కలకత్తా ఢిల్లీ నగరముల నడుమ జరిగినది. నేడు మోండా మార్కెట్టులో కూరలమ్ము తల్లి కూడ ఫోనుతోనే పైకము పుచ్చుకొనుచున్నది. ఆమె కాయకమునకు అది తోడ్పడుచున్నది గావున అది గౌరవింపదగినదే. 2020 మార్చి 25 నుండి దేశమంతయు తలుపులు మూసికొన్న దినములను మరువగలమా? ఆ ఏప్రిల్ 26న వచ్చిన బసవజయంతిని మనము ఎవరి ఇండ్లలో వారము జరుపుకొంటిమి. దూరదేశములలోని బిడ్డల ముఖములను మనకు చూపి ధైర్యము చెప్పినది ఈ ఫోనే.

అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక వృద్ధమాత గలరు. భక్తురాలు. ప్రతి ఉదయము వారి ఫోనునుండి నాకు బసవేశ్వరుని చిత్రముతో శరణార్థులు వచ్చును. నేనును బదులు పంపుదును. ఇది ఏండ్లుగా జరుగుచున్నది. ఒకనాడు భజన విషయమై మాటలాడవలసి వచ్చి పిలిచితిని. మనుమడు పలికినాడు.

“తాతయ్యా, అవ్వ ఆసుపత్రిలో ఉంది. పది రోజులైంది.”

“అదేమి నాయనా! ఈ ఉదయము కూడ శరణార్థులు వచ్చినవే!”

“అవ్వ రోజూ పెట్టమని చెప్పింది. నేనే పెడుతున్నాను.”

నేను మాటలాడలేకపోతిని. పది దినములు శరణార్థులు వచ్చినవి, పది దినములు నేను బదులిచ్చితిని. ఇరువురము కలిసియున్నామనియే తలచితిని. నడచిపోయిన అయిదు నిమిషముల దారిలో ఒక తల్లి మంచముపట్టిన సంగతి నాకు తెలియదు! ఆ సాయంకాలము ఆసుపత్రికి పోగా, ఆమె నా చేయి పట్టుకొని చాలసేపు విడువలేదు. ఎందులకు రాలేదని అడుగలేదు. అడిగియున్నచో నాకు కొంత తేలికయై యుండెడిది.

శరణులారా! మన మతమున గురు లింగ జంగమములు మూడును పూజ్యములు. స్థావరము నిలిచియుండునది, జంగమము చరించునది. లింగమునకు అర్పించినది జంగమ ముఖముననే తృప్తినిచ్చునని శరణులు విశ్వసించిరి. జంగముడు వాకిటికి నడచివచ్చును. భక్తుడు అతనికి ఎదురేగును. ఆ రెండు అడుగులు లేనిచో దాసోహము లేదు. మన సికింద్రాబాదునుండి జహీరాబాదు మీదుగా నేడు కొన్ని గంటలలో చేరదగిన బసవకల్యాణమునకు, ఆనాడు శరణులు ఎన్నెన్ని దూరములనుండి కాలినడకన వచ్చిరి! మోళిగె మారయ్య కాశ్మీరదేశమునుండి వచ్చి, కల్యాణమున కట్టెలమోపులమ్మి దాసోహము సలిపినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. వారు ఒకరి కుశలమును ఒకరు అడిగి ఊరకుండలేదు. అనుభవమంటపమునందు ఎదురెదురుగా కూర్చుండి ప్రశ్నించుకొనిరి, వాదించుకొనిరి, ఒకరినొకరు దిద్దుకొనిరి.

మరి ఫోనును ఎంతవరకు వాడవలెను? ఇందులకు ఆయ్దక్కి లక్కమ్మ జీవితమే మనకు సమాధానము. ఆమె భర్త మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చినాడు. ఇల్లు గడచుట కష్టమైన ఆ ఇల్లాలు సంతోషింపలేదు. మనకు కావలసినదానికి మించినది మనది కాదు, ఎచ్చట తెచ్చితివో అచ్చటనే విడిచిరమ్మని పంపినది. మనము ఒక వార్తకై ఫోను తీసి, నూరు వార్తలు ఏరుకొని వచ్చుచున్నాము. ఒకరి కుశలమునకై తీసి, పదిమందిపై నిందలు చదివి, నిజమో కాదో విచారింపకయే మరి పదిమందికి పంపుచున్నాము. అసత్యమాడరాదని, ఆత్మస్తుతి పరనిందలు కూడవని బోధించిన బసవన్న బిడ్డలము మనము! ఆ అధికపు గింజలను వెనుకకు ఇచ్చివేయుమని మనకు చెప్పగల లక్కమ్మ మన అంతరంగముననే యుండవలెను.

కావున నేను నాకై మూడు నియమములు పెట్టుకొంటిని. మీకును ఉచితమని తోచినచో స్వీకరింపుడు. మొదటిది, లింగపూజ ముగియువరకు ఫోను ముట్టరాదు. పూజాసమయమున అది మ్రోగని స్థితిలో ఉండవలెను. రెండవది, పని ఏదో తలచుకొనియే ఫోను తీయవలెను, ఆ పని తీరగానే ప్రక్కన పెట్టవలెను. మూడవది, వారమున కొక్కనాడైనను, ఫోనులో పలుకరింపదగిన ఒకరి ఇంటికి కాలినడకన పోయి పలుకరింపవలెను. వృద్ధులు, ఏకాకులు, రోగులు గల ఇండ్లు మన వీధులలోనే యున్నవి.

ఈ మూడవ నియమమే నాకు కష్టముగా నున్నది. మోకాళ్ళు నొచ్చును, ఎండ కాయును, ఫోను చేసిన సరిపోదా యని మనసు గొణుగును. అపుడు ఆ తల్లి పట్టుకొన్న చేతిని చూచుకొందును. అది నా ఎడమ చేయి. నేను నిత్యము లింగమునుంచి పూజించు చేయి. ఆమె చేతి వెచ్చదనమును ఏ ఫోను నాకు అందింపగలదు?

కరతలము లింగమునకై, కాళ్ళు జంగమ సేవకై శివుడు మనకిచ్చినాడు. ఫోను ఈ రెంటికిని సేవకుడుగా నుండనిండు, ఒకదాని స్థానమునైనను ఆక్రమింపనీయకుడు.

శరణు శరణార్థి.