స్టెప్నీ చక్రము – సంచయ ధర్మము

రేపటిని గూర్చిన చింత మానవుని యొద్దకు రెండు రూపములతో వచ్చుచుండును. ఒకటి జాగ్రత్త, రెండవది ఆశ. ఈ రెండును ఒకే వేషము ధరించి వచ్చును గనుక ఒకదానిని చూచి మరియొకటి యని మనము భ్రమపడుచుందుము. కొట్టుగదిలో నాలుగు బస్తాల బియ్యము నిలువయుంచిన గృహస్థుడు తాను ముందుచూపు గలవాడ ననుకొనును. పొరుగువాడు అతనిని లోభి యనును. ఇరువురిలో ఎవరి మాట నిజము? ఈ ప్రశ్నను మన విశాఖపట్టణపు రోడ్లమీద అనుదినము కనుపించు ఒక సామాన్య వస్తువును ఆధారముగా జేసికొని విచారింప దలచితిని. అది లారీ చాసీ క్రింద గొలుసుతో వ్రేలాడు అదనపు చక్రము. డ్రైవర్లు దానిని స్టెప్నీ యందురు.

విశాఖ బరువుల నగరము. 1933లో తెరువబడిన నౌకాశ్రయము ఒకవైపు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము మరొకవైపు ఈ నగరమునకు ఆ స్వభావమును కల్పించినవి. బొగ్గు, ఎరువులు, ఇనుప కడ్డీలు, ఉక్కు చుట్టలు మోసికొని గాజువాక, షీలానగర్ మార్గములందు లారీలు రాత్రింబవళ్లు నడచుచుండును. ఆ లారీలో తిరుగువారికి అది బండి మాత్రమే కాదు, ఇల్లు కూడ. క్యాబిన్‌లో పడక, సీటు క్రింద పొయ్యి, ఒక డబ్బాలో బియ్యము, మరొక డబ్బాలో నీళ్లు, అద్దముపైన ఇష్టదైవము పటము ఉండును. వారములకొలది డ్రైవరు, క్లీనరు అందే వండుకొని అందే నిద్రింతురు. ఆ సంచార గృహమునకు గల కొట్టుగది యేదన, క్రింద వ్రేలాడు ఆ చక్రమే.

స్టెప్నీ యను మాట మనది కాదు. మోటారు బండ్లు వచ్చిన తొలిదినములలో వానికి అదనపు చక్రము లేకుండెను. మేకు గ్రుచ్చుకొనిన యజమాని దారిప్రక్కన కూర్చుండి ట్యూబునకు అతుకు వేసికొనవలసినదే. 1904 ప్రాంతమున వేల్స్ దేశములోని లానెల్లి పట్టణమునందు డేవిస్ సోదరులు, గాలి నింపిన టైరుతో కూడిన ఒక చట్రమును చెడిన చక్రమునకు బిగించి ఇల్లు చేరు ఉపాయమును కనిపెట్టిరి. వారి దుకాణమున్న వీధి పేరు స్టెప్నీ. ఆ సాధనము నేడు వాడుకలో లేదు. పేరు మాత్రము సముద్రములు దాటి వచ్చి మన ఆటోనగర్ కార్మికుని నోట నిలచినది.

దీని బరువెంత? పెద్ద లారీలకు వాడు 10.00–20 కొలత టైరు, దానిలోని ట్యూబు, ఫ్లాపు, ఇనుప డిస్కు కలిపి సుమారు 100 కిలోలు. అనగా ఇంచుమించుగా మన గృహస్థుని నాలుగు పాతిక కిలోల బస్తాల బియ్యము. పది చక్రముల లారీకి సరకుతో కలిపి అనుమతించిన మొత్తము బరువును 2018లో 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెంచిరి. ఆ హద్దులో స్టెప్నీ బరువు కూడ చేరియే యుండును. కావున అది మోసినంత మేర కిరాయి వచ్చు సరకు తగ్గును. ఇంకొక లెక్క గలదు. ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ 4 మీటర్ల దూరమున్న బండికి, వెనుక ఇరుసునకు 1 మీటరు వెనుకగా 100 కిలోలు వ్రేలాడదీసితి మనుకొందము. అప్పుడు వెనుక ఇరుసుపై బడునది 100 కాదు, 125 కిలోలు. ముందు ఇరుసుపై 25 కిలోలు తేలికపడును. వెనుకకు చేర్చిన బరువు ముందున్న పట్టును కొంత హరించునన్నమాట. నిలువయుంచిన ప్రతి వస్తువునకు ఇట్టి వెల యొకటి గలదు.

ఇంత బరువును, ఎన్నడో గాని అవసరపడని దానిని, నిత్యము మోయుట వివేకమా? ఈ సందేహమును నేనొక డ్రైవరును అడిగితిని. గాజువాక దాటి ఒక టీ దుకాణమువద్ద అతడు తన బండి స్టెప్నీ గొలుసుకు నూనె పట్టించుచుండెను. నడివయస్సువాడు. చేతులు తుడుచుకొని నవ్వి యిట్లు చెప్పెను.

"బాబుగారూ, మా సాలూరు ఘాటీలో ఒక రాత్రి ఇది నాకు పనికిరాలేదు గాని ఇంకొకడికి పనికొచ్చింది."

సాలూరు లారీల ఊరుగా పేరు పొందినది. అచ్చటినుండి ఒడిశాలోని సుంకి వైపు ఎక్కు కనుమదారి మలుపులమయము. అతడు జయపురములో కడ్డీలు దింపి ఖాళీ బండితో దిగివచ్చుచుండగా, నిండు సరకుతో ఎక్కుచున్న లారీ యొకటి మలుపులో నిలచిపోయి యుండెనట. ముందు చక్రము పేలినది. దాని స్టెప్నీ దించి చూడగా ఏండ్లతరబడి తాకనందున పగుళ్లువారి, గాలి లేక చప్పబడి యున్నది. ఇరుబండ్ల చక్రముల కొలత ఒకటే. ఇతడు తన స్టెప్నీని దించి ఆ ముక్కు ముఖము తెలియనివానికి ఇచ్చివేసెను.

"మరి మీకు పంక్చరైతే?" అని యడిగితిని.

"నాది ఖాళీ బండి. వెనకాల జంట చక్రాలు. ఒకటి పోయినా మెల్లగా సాలూరు చేరిపోతాను. వాడిది నిండు బండి, ముందు చక్రం. వాడు కదలలేడు."

"మీరు నిండు బండితో ఎక్కుచున్నప్పుడైతే ఇచ్చియుందురా?"

అతడు కొంతసేపు ఆలోచించి నిజము చెప్పెను. "ఇవ్వనండీ. నాతో క్లీనరు కుర్రాడున్నాడు, వాడికి తల్లి ఉంది. ఇవ్వను గాని వదిలి పోను. చక్రాలకు రాళ్లు పెట్టి, వెనకాల కొమ్మ కట్టి, సాలూరుకి కబురు పంపి, సాయం వచ్చేదాకా ఉంటాను."

ఆ చక్రము తిరిగి వచ్చినదా యని కూడ అడిగితిని. ఇరువది దినములకు సాలూరు దుకాణమునకు చేరినదట. టైరు తనదే, డిస్కు మాత్రము మారిపోయి పాతది వచ్చినదట. "ఇప్పుడూ ఇస్తాను బాబూ, కాకపోతే డిస్కు మీద రంగుతో గుర్తు వేసి ఇస్తాను" అనెను.

ఈ మాటలను ఇంటికి వచ్చి నేను పలుమార్లు మననము చేసికొంటిని. సర్వమును ఇచ్చివేయుమని చెప్పు వేదాంతమును అతడు చెప్పలేదు. నాది నాకే యను లోకపు మాటయు చెప్పలేదు. తన అవసరమెంత, ఎదుటివాని అవసరమెంత, తన్ను నమ్మియున్న మూడవ ప్రాణికి కలుగగల ఆపద యెంత యని మూడింటిని తూచి చూచెను. ఆ తూనికయే ధర్మమని నాకు తోచినది.

మన శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య కథ నెరుగనివారు లేరు. క్రింద రాలిన బియ్యము ఏరుట అతని కాయకము. ఒకనాడు మామూలునకు మించి తెచ్చిన బియ్యమును చూచి, అతని సతి లక్కమ్మ, మనకు కావలసినది ఇంత కాదు, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని మరల పంపెను. ఆ తల్లి డ్రైవరు స్టెప్నీని చూచిన ఏమనును? దీనిని కూడ విడిచి రమ్మనునా? అట్లనదని నా విశ్వాసము. కల్యాణములో రేపటి బియ్యము రేపటి కాయకమువలన లభించును. అచ్చట నిలువచేయుట అవిశ్వాసము. అర్ధరాత్రి కనుమదారిలో ఎంతటి కాయకము చేసినను చక్రము లభింపదు. అచ్చట ఒక్కటి వెంట నుంచుకొనుట అవసరమేగాని అధికము కాదు. అదే డ్రైవరు మూడు చక్రములు కట్టుకొని తిరిగిన లక్కమ్మ తప్పక ప్రశ్నించును. కావున హద్దును నిర్ణయించునది మన భయము కాదు. పోవలసిన దారి యెట్టిది, ఆ దారిలో ఏది దొరకును, ఏది దొరకదు అనునదే నిర్ణయించును. ప్రభుత్వపు నిబంధనయు ఈ న్యాయమునే అనుసరించినది. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గిన తెలుపు సాధనము, మరమ్మతు సామగ్రి ఉన్న చిన్న కార్లకు అదనపు చక్రము అక్కరలేదని 2020లో నియమమును సడలించిరి. అవసరము తీరిన మోయుట మానవచ్చును.

ఇక ఉంచుకొన్నదానిని ఎట్లు ఉంచుకొనవలెను? ఆ రాత్రి ఎక్కుచున్న లారీకి స్టెప్నీ లేకపోలేదు. ఉండియు లేనిదయ్యెను. రబ్బరు వాడకున్నను ముదియును. ఎండ, గాలి దానిని పగులజేయును. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు దాని జన్మకాలమును తెలుపును. 2319 అని యున్న 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. తెలిసిన డ్రైవర్లు పయనమునకు ముందు స్టెప్నీ గాలి చూతురు. టైర్లను మార్చి మార్చి వాడుచు దానికి కూడ రోడ్డు చూపుదురు. గొలుసు తుప్పుపట్టి తెగినచో ఆ 100 కిలోలు వెనుక వచ్చు బాటసారి మీద బడును. మన రక్షణకై దాచినది మరొకని పాలిటి మృత్యువగును. చూడక దాచినది సంపద కాదు, మరచిపోయిన ప్రమాదము.

మరియొక విషయము గలదు. బరువు బండి మోయునుగాని, దానిని దించి ఎక్కించువాడు మనిషి. సాధారణముగా ఆ పని క్లీనరు కుర్రవాని నడుముమీద బడును. ట్యూబు టైర్ల డిస్కులకు లాకు రింగు ఉండును. గాలి పూర్తిగా తీయక దానిని కదల్చిన అది ఎగిరివచ్చి ప్రాణము తీయగలదు. యజమాని జాగ్రత్తకు తగిన కూలి, శిక్షణ, సాయము ఆ కుర్రవానికి లేకున్న, అది జాగ్రత్త యగునా? తన భారమును బలహీనుని వీపున పెట్టి నేను ముందుచూపు గలవాడనని చెప్పుకొనుట మనకు తగదు.

చివరగా ఆ రాళ్ల సంగతి. చక్రము మార్చునప్పుడు బండి కదలకుండ రాళ్లు పెట్టుదురు. పని ముగియగానే రాళ్లను రోడ్డుమీదనే విడిచి పోవువారు అనేకులు. చీకటిలో వచ్చు ద్విచక్రవాహనము వానికి తగిలి బోల్తాపడును. తన ఆపద తీరగానే ఇతరుల ఆపద మొదలగునట్లు చేయుట ఎంతటి అజ్ఞానము! మా డ్రైవరు ఈ మాట వచ్చినప్పుడు, "రాయి తీసి పక్కన పెట్టినాకే బండి స్టార్టు చేస్తాను, మా గురువు నేర్పిన మొదటి పని అదే" యని చెప్పెను. అతని గురువు బడిపంతులు కాడు, పీఠాధిపతి కాడు. మరియొక లారీ డ్రైవరు.

కావున నిలువయుంచుకొనువాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఇది నా దారికి తగినంతయేనా? అవసరము నాటికి పనికివచ్చు స్థితిలో నున్నదా? దీని బరువు ఎవరి వీపున నున్నది? నాకంటె ఎక్కువ అవసరమున్నవాడు ఎదురైన దీనిని దించగలనా? ఈ నాలుగింటికి నిర్భయముగా సమాధానము చెప్పగలవాని సంచయమును ఎవరును లోభమనజాలరు. నాలుగవ ప్రశ్నవద్ద నోరు తడబడిన, దాసోహము మన నోట నున్నదిగాని చేత లేదని తెలియవలెను.

గృహస్థుల బీరువాలకు, మఠముల ధాన్యపు కొట్లకు కూడ ఈ ప్రశ్నలే వర్తించును. కరవునాటికని దాచిన ధాన్యము పురుగుపట్టి, పొరుగింట పొయ్యి వెలుగకయున్న, ఆ ధాన్యము కనుమలో చప్పబడిన ఆ స్టెప్నీ వంటిదే. పాఠకులు ఒక్కమారు తమ కొట్టుగది తలుపు తెరచి చూచుకొందురుగాక. అందు ఏది ఈ సంవత్సరము తమ చేత తాకబడలేదో, అది ముందుగా ఎవరి ఇంటికి చేరవలెనో ఆలోచింతురుగాక. ఇచ్చునప్పుడు గుర్తు వేసి ఇచ్చినను తప్పులేదు.