మళ్ళీ వచ్చే శ్రోత

సొంతంగా పాట రాసుకుని, బాణీ కట్టుకుని, గిటారు పట్టుకుని పాడే కుర్రాడెవరైనా మన ఇంటికొస్తే, పాటంతా విన్నాక మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చాలా బాగుంది బాబూ, సినిమాలో ఛాన్స్ ఏమైనా వచ్చిందా?" అడిగేది ప్రేమతోనే. పిల్లాడు పైకి రావాలన్న కోరికతోనే. కానీ ఆ ప్రశ్నలో ఒక తీర్పు దాగి ఉంది. ఇప్పుడు విన్నది ఇంకా పూర్తి పాట కాలేదని, తెర మీదికి ఎక్కాకే అది పాట అవుతుందని. అంతసేపూ ఎదురుగా కూర్చుని విన్న మనం శ్రోతల లెక్కలోకి రామని కూడా.

నేను పాడను, వింటాను. సొంత పాటలతో నిలబడాలని చూసేవాళ్ళ గురించి మాట్లాడే అర్హత నాకేదైనా ఉంటే అది శ్రోతగా ఉన్నదే. ఈ విషయం మీద ఎక్కడ చూసినా సలహాలన్నీ పాడేవాళ్ళకే. వారానికో వీడియో పెట్టు, మొదటి అయిదు సెకన్లలోనే పల్లవి రావాలి, రీల్స్ ఆపకు, థంబ్‌నెయిల్‌లో ముఖం పెద్దగా కనపడాలి. వినేవాళ్ళకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. సగం బరువు మోయాల్సింది వాళ్ళే అయినా.

పాడేవాడికి వినేవాళ్ళు దొరకడం అన్నది మన ఊళ్ళలో ఒకప్పుడు సమస్యే కాదు. ఒగ్గు కథకులకు కురుమ, గొల్ల ఇళ్ళుండేవి. దక్కలివారికి మాదిగ ఇళ్ళుండేవి. ఏ ఊళ్ళు ఎవరి వంతో ముందే పంపకమై ఉండేది. తండ్రి విన్న కథను కొడుకు వినేవాడు, తండ్రి చెప్పిన కథను కొడుకు చెప్పేవాడు. ఆ కాలం గొప్పదని నేననను. అది కులం గీసిన గీత, కళాకారుడు దాన్ని దాటి పోలేడు, శ్రోత ఇంకొకరిని ఎంచుకోలేడు. అయితే కథకుడు ఊళ్ళోకి వస్తే అతనికి తిండిగింజలు కొలవడం దానంగా ఉండేది కాదు, అది అతని హక్కు. ఆ ఏర్పాటు సడలిపోయింది, సడలవలసిందే. దాంతోపాటే ఆ హక్కూ పోయింది. దాని స్థానంలో మనం ఏం పెట్టాం?

దర్శనం మొగిలయ్య గారి సంగతే చూడండి. 12 మెట్ల కిన్నెర వాయిస్తూ వీరుల కథలు పాడుకునే మనిషి. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినగానే రెండు రాష్ట్రాలూ ఉలిక్కిపడి విన్నాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపని చేస్తున్నారన్న వార్త చదివాం. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని సంగతి ఇది. ఆ గొంతు విన్నవాళ్ళు కోట్లలో ఉంటారు. వాళ్ళు ఆయన శ్రోతలు మాత్రం కాలేదు. సినిమా ప్రేక్షకులుగా విన్నారు, ప్రేక్షకులుగానే వెళ్ళిపోయారు. ఆ కిన్నెర మీద ఆయన మిగతా కథలు ఏం పాడతారో, పండుగ సాయన్న ఎవరో, ఒక్క పూట కూర్చుని వినాలనుకున్నవాళ్ళు ఎందరు? పేరు తెలియడం, వినడం, మళ్ళీ వినడానికి రావడం – ఈ మూడూ వేరువేరు సంగతులని నాకు అప్పుడే స్పష్టంగా అర్థమైంది. మొదటి రెండూ ఎంత పెరిగినా మూడోది దానంతటదే పుట్టదు.

మూడోది ఎలా పుడుతుందో మా అమ్మను చూసి కొంత తెలుసుకున్నాను. 1948 చివర్లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం ఆమెకు సంగీత పాఠశాల. బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివాళ్ళు లలిత సంగీతానికి అక్కడ ఒక చోటు చేశారు. తెల్లవారితే భక్తిరంజని, నెల పొడుగునా వినిపించే ఈ మాసపు పాట. ఆడిషన్‌లో నెగ్గి గ్రేడు తెచ్చుకోవడం అందరికీ సాధ్యమయ్యేది కాదు, ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయిన మంచి గొంతులు ఎన్నో ఉంటాయి. అయినా పాట ఒకే వేళకు, మళ్ళీ మళ్ళీ వచ్చేది. అమ్మ పప్పు ఎసట్లో పోస్తూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆ పాటలన్నీ నేర్చేసుకుంది. నేర్చుకుందామని కూర్చున్న రోజు ఒక్కటి లేదు. వినగానే నచ్చినవి వాటిలో తక్కువేనని చెప్పేది. నాలుగోసారికో అయిదోసారికో ఒక సంగతి చెవిన పడేది, ఆ తర్వాత ఆ పాట ఆమెను వదిలేది కాదు.

సినిమా పాటకున్న అసలు బలం ఇదేనని నాకనిపిస్తుంది. అందులో ప్రతిభ లేదనను, ఉంది, చాలా ఉంది. కానీ దానికి మళ్ళీ వినిపించే అవకాశాన్ని డబ్బుపెట్టి కొంటారు. ముందు ప్రోమో, తర్వాత లిరికల్ వీడియో, టీవీలో ఇంటర్వ్యూ, ఆ తర్వాత ఆటోలో, పెళ్ళి ఊరేగింపులో, కాలేజీ ఫంక్షన్‌లో. పదోసారి వినేసరికి అది మన పాటైపోతుంది. సొంత పాట పెట్టుకున్నవాడికి దొరికేది ఒక్క వినికిడి. అదీ బొటనవేలు తెర మీద జారుతున్నప్పుడు. ఆ ఒక్కసారిలో నచ్చకపోతే పాటలో సరుకు లేదని తేల్చేస్తాం. మా అమ్మ అలా తేల్చి ఉంటే ఆమెకు జీవితాంతం తోడున్న పాటల్లో సగానికి పైగా ఉండేవి కావు.

సినిమా దాటి మనకు పాట లేదా అంటే ఉంది. తెలంగాణ జానపదం యూట్యూబులో తన దారి తానే వేసుకుంది. 'బుల్లెట్టు బండి' పాట 2021లో ఒక పెళ్ళికూతురు చేసిన డాన్స్‌తో ఊరూరా మోగింది. చౌరస్తా బ్యాండ్ 'ఊరెళ్ళిపోతా మామ' అంటే నగరాల్లో ఇరుకు గదుల్లో ఉండే పిల్లలు తమ మాటేననుకున్నారు. దాన్ని పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోనూ పెద్ద విజయాలు సాధించారు, అందుకు నాకు సంతోషమే. కానీ ఆ విజయం రాగానే "ఇప్పుడు సెటిలయ్యాడు" అన్నారు నాకు తెలిసినవాళ్ళు. అంటే అంతకుముందు చేసినదంతా వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవడమేనా?

ఇక డబ్బు సంగతి. చందా కట్టే పాటల యాప్‌లో నేను నెలంతా ఒక్క కొత్త గాయని పాటలే విన్నాననుకోండి. నా చందాలో పాటలకు వెళ్ళే భాగం ఆమెకే చేరుతుందని ఎవరైనా అనుకుంటారు. చేరదు. అందరి డబ్బూ ఒక రాశిగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో అంత పంచుతారు. నేను ఆమె పేరు కూడా వెతికి వెతికి టైప్ చేసి విన్నా, నా డబ్బులో చాలాభాగం నేను వినని పెద్ద పెద్ద పాటలకే పోతుంది. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1,000 సార్లయినా వినిపించని పాటకు ఆ రాశిలో వాటాయే లేదు. యూట్యూబులో మామూలు వీడియోల మీద ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఎవరి శ్రోత డబ్బు వారికే చేరే పద్ధతి ఒకటి సౌండ్‌క్లౌడ్ 2021లో మొదలుపెట్టింది కాబట్టి అది అసాధ్యమేమీ కాదని తెలుస్తూనే ఉంది. నాకు బాధ కలిగించేది కేవలం డబ్బు తక్కువ రావడం కాదు. వినేవాడికీ పాడేవాడికీ మధ్య ఉండాల్సిన తీగను మధ్యలోనే తెంపేశారు. ఫలానా మనిషి నా పాట విని నాకింత ఇచ్చాడన్న ఎరుక పాడేవాడికి లేదు. ఇచ్చానన్న ఎరుక వినేవాడికీ లేదు.

డబ్బు మాట ఎత్తగానే త్యాగయ్యను గుర్తుచేసే పెద్దలుంటారు. ఆయన రాజు పిలిచినా పోలేదు కదా, నిజమైన కళాకారుడికి పేరెందుకు, డబ్బెందుకు అని. ఈ మాట నాకు ఎప్పుడూ రుచించదు. తంజావూరు కొలువును కాదన్నాడని చెప్పుకునే ఆ మహానుభావుడు తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేశాడు. అంటే పాడుకుంటూ వెళ్తుంటే గుమ్మం గుమ్మంలోంచి గుప్పెడు బియ్యం వచ్చేవి. వీధి ఆయన్ని పోషించింది. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యులు ఆయన కృతులను రాసుకున్నారు, పాడారు, తర్వాతివాళ్ళకు నేర్పారు. 1847లో ఆయన పోయాక ఎన్నో దశాబ్దాలకు, 1920లలో, బెంగుళూరు నాగరత్నమ్మ తన సొంత ఆస్తి ఖర్చుపెట్టి ఆయన సమాధి దగ్గర గుడి కట్టించింది. రాజును కాదనగలిగాడంటే వెనక వీధి ఉంది. మన పిల్లల వెనక ఏ వీధి ఉందని ఆయన త్యాగాన్ని వాళ్ళకు నూరిపోస్తున్నాం?

వీధి ఎలా ఉంటుందో ఈ మధ్య ఒక సాయంత్రం చిన్నగా చూశాను. సైనిక్‌పురిలో ఒక కేఫ్ మేడమీద. పాడుతున్న అమ్మాయిది విజయనగరం వైపు పల్లె, మాదాపూర్‌లో ఉద్యోగం. వాళ్ళమ్మ జూట్ మిల్లులో రాత్రి షిఫ్టు చేసి, జుట్టులో నార పోగులతో తెల్లారి ఇంటికొచ్చేదట. దాని మీద కట్టిన పాట. కింద కాఫీ మెషీన్ చప్పుడు చేసినప్పుడల్లా గొంతు కొంచెం పెంచి, అది ఆగగానే తగ్గించేది. రెండు పాటలు కాగానే ముందు బల్ల నుంచి "అక్కా, ఏదన్నా సినిమా పాట పాడండి" అన్నారు. పాడింది. అప్పుడు ఫోన్లు లేచాయి. ఆ తర్వాత మళ్ళీ తన పాట అందుకుంటే ఫోన్లు దిగిపోయాయి.

అయిపోయాక గిటారు సంచిలో పెట్టుకుంటుంటే ఒకతను వచ్చాడు. మౌలాలిలో స్పేర్ పార్ట్స్ షాపులో పనట. "మేడమ్, మిల్లు పాటలో రెండో చరణం ఎందుకు తీసేశారు? పోయినసారి పాడారు కదా" అన్నాడు. ఆమెకు నోట మాట రాలేదు. మూడు నిమిషాల్లోపు ఉంటేనే జనం వింటారని ఎవరో చెబితే ఆ చరణం కోసేసిందట. అతను మాత్రం ఆ చరణం కోసమే వచ్చాడు, అందులో వాళ్ళమ్మ అన్నం తినకుండానే గోడకు ఆనుకుని నిద్రపోవడం ఉంది. "మా అమ్మ కూడా అట్లనే మేడమ్" అని వెళ్ళిపోయాడు. కిందికి దిగుతూ ఆ అమ్మాయి నాతో, "అంకుల్, అది తీసేశానని కనిపెట్టేవాళ్ళు ఉంటారని అనుకోలేదు" అంది. ఆ రోజు పాడినందుకు ఆమెకు దక్కింది భోజనం, కాఫీ, "మీకు ఎక్స్‌పోజర్ వస్తుంది కదా" అన్న మాట. ఇప్పుడు ఆ పాటను పూర్తిగానే పాడుతోంది.

నేను శ్రోత అని అనేది అలాంటి మనిషిని. పాటలో ఒక భాగం లేకపోతే వెలితి తెలిసే మనిషి. అలాంటివాళ్ళు ఒక కళాకారుడికి లక్షల్లో అవసరం లేదు. కెవిన్ కెల్లీ అనే అమెరికన్ రచయిత 2008లో ఒక లెక్క చెప్పాడు, ఏడాదికి వంద డాలర్లు తన మీద ఖర్చుపెట్టే నిజమైన అభిమానులు వెయ్యిమంది ఉంటే కళాకారుడు బతికేయవచ్చని. మన రూపాయల్లో, మన జీతాల్లో ఆ మొత్తం ఎక్కువే. తలకు ఏడాదికి 500 అనుకుందాం, అయిదు లక్షలవుతుంది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. వెయ్యిమంది అంటే 81 వేలమందిలో ఒక్కరు, ఒక మాదిరి పట్టణానికి ఒక్క మనిషి. ఆ ఒక్కణ్ణి చేరుకోలేకనే మన పిల్లలు ముప్ఫై దాటగానే గిటారును అటక మీద పెడుతున్నారు.

"మంచి పాటైతే కాలమే గుర్తిస్తుంది" అని ఇంకొక ఓదార్పు ఉంది. అన్నమయ్య సంకీర్తనలు నాలుగు వందల ఏళ్ళు తిరుమల కొండ మీద ఒక అరలో పడి ఉండి బయటికి రాలేదా అంటారు. వచ్చాయి. ఎందుకంటే అవి రాగిరేకుల మీద ఉన్నాయి. కొడుకు పెద తిరుమలాచార్యుడు పూనుకుని చెక్కించాడు. ఆ రాగికి, చెక్కినవాళ్ళ కూలికి ఎవరో డబ్బు పెట్టారు. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు ఏళ్ళ తరబడి కూర్చుని వాటిని చదివి మనకిచ్చారు. కాలం దానంతటది ఏ పాటనూ కాపాడలేదు. మా వీధిలో ఒక కుర్రాడు ఆరు పాటలు చేశాడు. ఫ్యాన్ ఆపేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, రాత్రి లారీల రొద తగ్గాక రికార్డు చేసేవాడు. పెళ్ళయింది, పాప పుట్టింది, ఇంటి లోన్ వచ్చింది. పాటలను యాప్‌లకు పంపే సంస్థకు ఏడాది చందా కట్టడం మానేశాడు. వాళ్ళు పాటలు తీసేశారు. నా ఫోన్‌లో ఉన్న లింకు ఇప్పుడు తెరుచుకోదు. అందులో మూడో పాట, వాళ్ళ తాత కల్లం దగ్గర కాపలా పడుకోవడం గురించి. తెలుగులో అలాంటి పాట ఇంకొకటి నేను వినలేదు. నాలుగేళ్ళకే పోయింది.

అందుకే నేనిప్పుడు హాళ్ళ గురించి ఆలోచిస్తున్నాను. చెన్నైలో మ్యూజిక్ అకాడమీ 1928 నుంచి ఉంది. దాని చుట్టూ పెరిగిన సభల్లో సభ్యత్వం కట్టినవాళ్ళు ఏటా అదే కుర్చీల్లోకి వచ్చి కూర్చుంటారు. మొన్న పాడినదానికీ నిన్న పాడినదానికీ తేడా వాళ్ళకు తెలుసు. కాకినాడలో సరస్వతీ గానసభ ఉంది, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. శాస్త్రీయ సంగీతానికి మనవాళ్ళు ఎంతో కొంత చేసిన ఏర్పాటు అది. సొంత పాటకు అది లేదు. చిన్న హాలు చాలు, లైబ్రరీ పైగదైనా చాలు. నెలలో రెండో శనివారం అంటే ఎప్పుడూ రెండో శనివారమే. వంద రూపాయల టికెట్, వచ్చిన డబ్బులో హాలు అద్దె పోను అంతా పాడినవాళ్ళకు. పాడే మనిషిని ఒక్కసారి పిలిచి వదిలేయకుండా ఏడాదిలో నాలుగుసార్లు అదే మనిషిని పిలవాలి, అవే పాటలు మళ్ళీ పాడించాలి. సినిమా పాట అడగకూడదని ముందే చెప్పాలి. ఇద్దరు మిత్రులు సరేనన్నారు. మౌలాలి అతని నంబరు ఆ అమ్మాయి దగ్గర ఉందట, అతనికి కూడా కబురు పంపమన్నాను.