ఓర్చుకునేవాళ్లకు నొప్పి తక్కువా?

కాప్రా నుంచి ఈసీఐఎల్ చౌరస్తా వైపు పోతుంటే ఆసుపత్రుల బోర్డులు కనిపిస్తాయి. చిన్న రంధ్రంతో ఆపరేషన్, నొప్పి తెలియని కాన్పు, రెండు రోజుల్లో ఇంటికి. ఆ బోర్డుల కిందే మనవాళ్లూ బతుకుతున్నారు. ఆదిలాబాద్, భద్రాచలం వైపు నుంచి వచ్చి అపార్టుమెంట్లకు కాపలా కాస్తారు, స్లాబు పనికి పోతారు. ఆ బోర్డులు తమ కోసం కాదని వాళ్లు అనుకుంటారు. 'వీళ్లకేంది, ఓర్చుకుంటరు' అని ఎదుటివాళ్లు అనుకుంటారు. ఈ రెండో మాట గురించే మేము రాస్తున్నాం.

ఓర్పు మనకు పెద్ద గుణమే. తేలు కుట్టినా, కాన్పు నొప్పులు వచ్చినా గట్టిగా అరవని తల్లుల మధ్య పెరిగాం. కానీ ఓర్చుకోవడం మనిషి తనంతట తాను చేసే పని. 'నువ్వు ఓర్చుకోగలవు' అని ఇంకొకరు తీర్మానించి మందు ఆపితే దానికి ఓర్పు అని పేరు పెట్టకూడదు.

నొప్పి తగ్గించడం నిన్నమొన్నటి సోకు కూడా కాదు. 1888, 1889లోనే హైదరాబాదులో నిజాం ప్రభుత్వ అండతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం మీద రెండు కమిషన్లు నడిపించాడు. ఆ కాలంలోనే రూపాబాయి ఫర్దూన్జీ ఇక్కడి ఆసుపత్రుల్లో రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరని ఆమెకు పేరు. ఇన్నేళ్లుగా ఈ నగరంలో ఉన్న విద్య మన మంచం దాకా ఎందుకు రాలేదు?

చిన్న కోత సంగతి చూద్దాం. లాప్రోస్కోపీలో పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, సెంటీమీటరుకు అటూఇటూ ఉండే రంధ్రాల్లోంచి కెమెరా, సన్నని పనిముట్లు పంపుతారు. మన దేశంలో పిత్తాశయాన్ని ఇలా మొదట తీసింది 1990లో, బొంబాయి జేజే ఆసుపత్రిలో, డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా. అది సర్కారు దవాఖానా అని గుర్తుంచుకోవాలి. పెద్ద కోత పడితే నెల, నెలన్నర పనికి పోలేం. ఇందులో చాలామంది ఒకటి రెండు వారాల్లో మామూలు పనుల్లో పడతారు, బరువులు మోయడానికి మాత్రం ఇంకొంత ఆగాలి. సెలవు పెట్టినా జీతం వచ్చే ఉద్యోగికీ, రోజు పోతే కూలి పోయే మనిషికీ ఈ తేడా ఒకటి కాదు. చిన్న కోత ఎవరికి ఎక్కువ అవసరమో లెక్కల మాస్టారే చెప్పనక్కర్లేదు.

అయితే మన ఆడవాళ్లకు లాప్రోస్కోపీ ముందే తెలుసు, కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో ఒకే డాక్టరు ఒక్క రోజులో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. 13 మంది చనిపోయారు. 2022 ఆగస్టులో మన నగరం పక్కనే ఇబ్రహీంపట్నంలో 34 మందికి చేస్తే నలుగురు చనిపోయారు. అక్కడా చిన్న రంధ్రమే, అదే పనిముట్టు. ఒకచోట మత్తు డాక్టరు తలాపున కూర్చుని ఊపిరి లెక్కపెడతాడు. ఇంకోచోట వరుసలో 'తర్వాత ఎవరు' అని పిలుస్తారు. కోత ఎంత చిన్నదో చెప్పే బోర్డు ఈ సంగతి చెప్పదు.

ఇక నొప్పిని కొలవడం. 'సున్నా నుంచి పది దాకా ఎంత?' అని నర్సు అడుగుతుంది. మన అవ్వకు సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, గుంజుడు వేరు. కోయలోనో గోండిలోనో అడిగితే ఇంకా విడమరచి చెబుతుంది. తెలుగులో అడిగితే 'పర్లేదు బిడ్డా' అంటుంది. నర్సు రెండు అని రాసుకుంటుంది. రాత్రికి వచ్చే మందు ఆ రెండును బట్టే వస్తుంది.

అందుకే ఊరి నుంచి ఎవరైనా గాంధీ ఆసుపత్రికో కాప్రాలో ప్రైవేటు ఆసుపత్రికో వస్తే, చదువుకున్న మన పిల్లలు ఒకరు పక్కన ఉండాలి. సంతకం పెట్టకముందే అడగాలి: ఈ ఆపరేషన్ తప్పనిసరా? మత్తు ఎవరిస్తారు? చిన్న రంధ్రంతో మొదలుపెట్టి పెద్ద కోతకు మారాల్సి వస్తుందా? అర్ధరాత్రి నొప్పి లేస్తే ఎవరిని పిలవాలి? ఆరోగ్యశ్రీలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను అడగాలి. లాప్రోస్కోపీ తర్వాత గ్యాసు వల్ల భుజం నొప్పి రావచ్చని అవ్వకు ముందే చెబితే ఆమె బెదిరిపోదు. 'పర్లేదు' అన్నప్పుడు మాత్రం వదలకుండా, ఎక్కడ, ఎలా ఉందని ఆమె భాషలో మళ్లీ అడిగి, ఆ జవాబును నర్సుకు తెలుగులో చెప్పాలి.