అన్నం, మితం, మూత్రపిండం

తినబడేదీ, ప్రాణులను తినేదీ అన్నమేనని తైత్తిరీయోపనిషత్తు ఆ మాటకు వ్యుత్పత్తి చెబుతుంది. ఆ రెండో అర్థం మూత్రపిండాల జబ్బులో కళ్లకు కడుతుంది. పప్పు, పాలు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్ జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఒంటికి కావలసినంత కండగా, ఎంజైములుగా మారుతుంది. మిగిలినదాన్ని శరీరం దాచుకోలేదు. అందులోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. దాన్ని బయటికి పంపే భారం మూత్రపిండాలది. అమైనో ఆమ్లాలు ఎక్కువైతే మూత్రపిండాల వడపోత గుచ్ఛాల్లో ఒత్తిడి పెరుగుతుంది. జబ్బుపడ్డ మూత్రపిండంలో మిగిలిన కొద్దిపాటి గుచ్ఛాలూ ఆ ఒత్తిడికి దెబ్బతినవచ్చు. గంధకం ఉన్న మెథియొనిన్, సిస్టీన్ ఆమ్లభారాన్ని పెంచుతాయి. ట్రిప్టోఫాన్ పేగుల్లోని సూక్ష్మజీవుల పాలబడి, చివరకు ఇండాక్సిల్ సల్ఫేట్ అనే విషపదార్థమవుతుంది.

అలాగని అన్నాన్ని శత్రువుగా చూడటం పెద్ద పొరపాటు. అతిగా తినేవాడికే కాదు, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని భగవద్గీత ఆరో అధ్యాయం చెబుతుంది. వైద్యం చెప్పే కొలతా ఆ దారిలోనే ఉంది. జబ్బు ముదిరినా డయాలసిస్ దాకా రానివారికి కిలో బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాముల ప్రోటీన్. డయాలసిస్ మొదలయ్యాక 1 నుంచి 1.2 గ్రాములు. రక్తశుద్ధిలో కొన్ని అమైనో ఆమ్లాలు కొట్టుకుపోవడమే ఈ పెంపుకు ఒక కారణం. ఒకే మనిషికి నిన్నటి మితం నేడు లోపమవుతుందన్నమాట.

ఇక ఉపవాసం. మందు వ్రతానికి భంగం కాదని మహాభారతంలోని విదురనీతి అంగీకరిస్తుంది. రోగికి కొలిచి పెట్టే ముద్దా మందే. డయాలసిస్ మీద ఉన్నవారు ఏకాదశికి పస్తుండనక్కర్లేదు; ఉండాలనిపిస్తే ముందు వైద్యుణ్ని అడగాలి.