పెద్దత్త చావు ఎవరి ఖాతాలో?

చనిపోయే షాట్ అయ్యాక నటుల్ని లేపి కూర్చోబెట్టి, కెమెరా వైపు చూసి నవ్వమంటారు. మా సెట్లో అది ఆనవాయితీ. ఆ నవ్వు ఏ ఎపిసోడ్‌లోనూ రాదు, దోషం పోవడానికి తీస్తారు. మొన్న పెద్దత్త పాత్రని చంపినప్పుడూ అంతే. ముక్కులో దూది తీసేసుకుని ఆవిడ నవ్వింది. గుమ్మడికాయ తిప్పి కొట్టారు. కుంకుమ అంటిన ఆ ముక్కల్ని దాటుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఏం బాబూ, నేనేం పాపం చేశానని?" అంది. హాస్యానికే. కానీ నెలకి పన్నెండు రోజుల పని పోయిన మనిషి ఆడిన హాస్యం అది.

ఆవిడ చేసిన పాపమేమీ లేదు. గురువారం రేటింగ్ వచ్చింది. ఆవిడ ట్రాక్ నడిచిన రెండు వారాలూ కిందికే జారింది. ట్రాక్ క్లోజ్ చేసెయ్యమని ఛానల్ నుంచి ఫోన్. గుండెపోటు రాశాను. యాక్సిడెంటైతే కారు కావాలి, ప్రొడ్యూసర్ ఒప్పుకోడు.

మా పాత్రలు రోజూ "అంతా నుదుటి రాత" అని ఏడుస్తాయి. ఆ రాత ఎవరిదో నాకు తెలుసు, చిక్కంతా అక్కడే. అయినా నిజంగా నాదేనా? నా పైన, కథకి వన్‌లైన్ పంపే ఛానల్. ఛానల్ పైన, రేటింగ్ మీటరు బిగించిన కొన్ని ఇళ్ళు. వాటిలో ఎవరో అన్నం కలుపుకుంటూ రిమోట్ నొక్కారు. దానికి పెద్దత్త ప్రాణం పోయిందని వాళ్ళకేం తెలుసు? బ్రహ్మ కూడా కర్మానుసారమే రాస్తాడంటారు. అంటే ఆయనకీ పైనుంచి వన్‌లైన్ వస్తుందన్నమాట!

'నేను చేస్తున్నాను' అనుకోనివాడికి కర్మ అంటదని గీత చెబుతుంది. కొన్నాళ్ళు ఆ మాట బాగానే వాడుకున్నాను. కానీ టైటిల్స్‌లో 'మాటలు' అని నా పేరే పడుతుంది, ఎపిసోడ్‌కి ఇంత అని డబ్బూ నా ఖాతాలోనే పడుతుంది. ఏమీ చెయ్యనివాడికి డబ్బెందుకట?

ఈ చిక్కుని తెలివిగా తప్పించుకున్న సీరియల్ రచయిత ఒకాయన ఉన్నాడు. బి.ఆర్. చోప్రా టీవీ సీరియల్ 'మహాభారత్' 1988 నుంచి 1990 దాకా 94 ఎపిసోడ్లు వచ్చింది. స్క్రీన్‌ప్లే, మాటలు రాహీ మాసూమ్ రజావి. కథ చెప్పే పని ఆయన కాలానికి అప్పగించాడు. తెర మీద మనిషి కనపడడు, గొంతే వినపడుతుంది. నాకు అసూయ కలిగించే ఉపాయం అది. అంతమంది చచ్చే కథలో, చెప్పేది కాలమైతే నిలదీసేదెవరిని? వ్యాసుడికి ఆ వెసులుబాటు లేకపోయింది. ధృతరాష్ట్రుడూ పాండురాజూ ఆయన కన్నవాళ్ళే. రాసిన చావుల్లో ఎన్నో సొంత మనవలవీ మునిమనవలవీ. యుద్ధమయ్యాక గాంధారి పాండవుల్ని శపించబోతే ఎదురెళ్ళి ఆపిందీ ఆయనే. రాసి ఇంటికి పోలేదు.

నేనూ నిలబడ్డాను, గుమ్మడికాయ ముక్కల మధ్య. ఏమనాలో తెలియక ఆవిడకి కాఫీ తెప్పించాను.

నిన్న రాత్రి, పెద్దత్తకి రాజమండ్రిలో కవల చెల్లెలుందని ఒక పేజీ రాసి పంపాను. సిగ్గులేని ఉపాయమే. ఛానల్ వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు. రేపు గురువారం.